ఎంత మోత? ముందు ఎక్కడ నిలబడ్డారో చెప్పండి

ఉత్సవం అయిపోయిన మర్నాడు హుకుంపేటలో ఏ టీ దుకాణం దగ్గర నిలబడినా ఈ వాదన చెవిన పడుతుంది. "మా ఊరి మేళం మోతకి స్టేజీ అదిరిపోయింది" అని ఒకరు, "మావాళ్ల కొమ్ము పక్క పంచాయతీ దాకా వినబడింది" అని ఇంకొకరు. ఇదివరకు గొంతు పెద్దగా ఉన్నవాడిదే గెలుపు. ఇప్పుడు జేబులోంచి ఫోన్ తీస్తున్నారు. "ఇదిగో చూడు, 112." ఎదుటివాడు నోరు మూసుకుంటాడు. మూసుకోవలసిన పనేమీ లేదు. అతను అడగవలసిన ప్రశ్న ఒకటుంది: "నువ్వు ఎక్కడ నిలబడి కొలిచావు?"

ఆ ప్రశ్న అడగడం, అదే ప్రశ్న మనల్ని అడిగితే జవాబు సిద్ధంగా ఉంచుకోవడం, ఈ రెండూ ఈ అధ్యాయంలో నేర్చుకుందాం. చేతిలో అంకె ఉన్నంత మాత్రాన మాటకు బలం రాదు. ఎక్కడ, ఎంతసేపు, దేనితో, ఎందుకు కొలిచామో చెప్పగలిగితేనే ఆ అంకెకు విలువ. ఎకరానికి పసుపు ఎంత పండిందన్నా, సంతలో మిరియాలు కిలో ఎంత పలికాయన్నా, పిల్లాడికి ఎన్ని మార్కులొచ్చాయన్నా ఇదే పద్ధతి. కాని ఈ అలవాటు వింటే రాదు, ఏదో ఒకదాన్ని చేతులారా కొలిస్తేనే వస్తుంది. మొదలుపెట్టడానికి మోత మంచిది. పెద్ద ఖర్చు లేదు, ఫలితం వెంటనే కనబడుతుంది, పైగా మన వాయిద్యగాళ్ల చెవులకు మేలు జరుగుతుంది. నాకు అన్నిటికన్నా ముఖ్యం ఆ చెవులే. వాటి దగ్గరికి వచ్చాక కాస్త ఎక్కువసేపు ఆగుదాం.

పాడేరు నుంచి అరకు వెళ్లే దారిలో ఉంటుంది హుకుంపేట. 2022 ఏప్రిల్‌లో జిల్లాలు మారేదాకా విశాఖపట్నం జిల్లాలో ఉండేది, ఇప్పుడు అల్లూరి సీతారామరాజు జిల్లా. చైత్రంలో ఇటుకల పండగ, శివరాత్రికి మత్స్యగుండం జాతర, మే నెలలో పాడేరు మోదకొండమ్మ ఉత్సవం, చలికాలంలో పర్యాటకుల కోసం అరకులో పెట్టే ఉత్సవాలు. వీటన్నిటా థింసా ఉంటుంది. థింసా ఉన్నచోట మోరి, కిరిడి, తుడుము, డప్పు, జోడుకొమ్ములు ఉంటాయి. ఆడవాళ్లు ఒకరి వెనక ఒకరు చేతులు అల్లుకుని గొలుసుగా కదులుతుంటే, ఆ అడుగు తప్పకుండా నడిపేది ఈ మేళమే.

ఇదే వాదన అమెరికాలోనూ ఉంది. అక్కడ డ్రమ్ కోర్ అనే సంప్రదాయం ఉంది. ఫుట్‌బాల్ మైదానంలో యువతీయువకులు వరసలు కట్టి నడుస్తూ, పరిగెడుతూ బాకాలు ఊదుతారు, డోళ్లు కొడతారు. డ్రమ్ కోర్ ఇంటర్నేషనల్ అనే సంస్థ 1972లో మొదటి జాతీయ పోటీ పెట్టింది. పెద్ద బృందంలో ఇత్తడి బాకాలవాళ్లే 70, 80 మంది ఉంటారు. ఎవరి బాకాలు ఎక్కువ గట్టిగా మోగుతాయని అభిమానులు ఏళ్ల తరబడి వాదించుకుంటూనే ఉన్నారు, స్టేడియంలోకి మీటర్లు పట్టుకెళుతూనే ఉన్నారు. ఆ వాదన తేలకపోవడానికి కారణం మీటర్లు మంచివి కాకపోవడం కాదు. ఒకరు ముందు వరసలో కూర్చుంటారు, ఇంకొకరు పైన నలభయ్యో వరసలో ఉంటారు. ఇద్దరి అంకెలూ నిజమే. వాటిని పక్కపక్కన పెట్టడమే తప్పు.

మీటరు చూపే అంకె

డెసిబెల్ లెక్క మామూలు కూడిక కాదు. మొదట వింతగా ఉంటుంది, నాలుగు ఉదాహరణలు వేసుకుంటే పట్టుబడుతుంది. మీరు నిలబడ్డ చోట ఒక డప్పు 90 చూపిందనుకోండి. అంతే బలంగా కొట్టే రెండో డప్పు వచ్చి చేరితే మీటరు 180 చూపదు, 93 చూపుతుంది. నాలుగు డప్పులైతే 96, పది డప్పులైతే 100. మోతలోని శక్తి రెట్టింపయిన ప్రతిసారీ 3 పెరుగుతుంది, పదింతలైతే 10 పెరుగుతుంది. మన చెవికి మాత్రం సుమారు 10 డెసిబెళ్లు పెరిగితేనే "ఇది దానికి రెండింతలుంది" అనిపిస్తుంది. అంటే ఒక డప్పు మోత చెవికి రెండింతలు కావాలంటే పది డప్పులు మోగాలి.

ఈ లెక్క ఉత్సవాలు నడిపేవాళ్లకు బాగా పనికొస్తుంది. పదిమంది మేళాన్ని ఇరవైమంది చేస్తే బండి ఖర్చు, భోజనాలు, బట్టలు రెట్టింపవుతాయి. మోత పెరిగేది 3 డెసిబెళ్లు. జనానికి ఆ తేడా తెలుస్తుంది కాని, అబ్బురపడేంత ఉండదు. అదే పదిమందిని జనానికి సగం దూరం దగ్గరికి తెస్తే 6 పెరుగుతుంది, పైసా ఖర్చు లేదు.

ఇంకో సంగతి కూడా ఇక్కడే చెప్పాలి. తుడుము 100, మోరి 90 ఉన్నచోట రెండూ కలిపి మోగితే మీటరు సుమారు 100.4 చూపుతుంది. అంకెను బట్టి చూస్తే మోరి ఉన్నా లేనట్టే. వినేవాళ్లకు మాత్రం మోరి పాట తుడుము మీద స్పష్టంగా తేలి వస్తుంది. మన చెవి 2000 నుంచి 5000 హెర్ట్జ్ దాకా ఉండే శబ్దాలను మిగతావాటికన్నా సులువుగా పట్టుకుంటుంది, పీకతో ఊదే సన్నాయి జాతి వాయిద్యాల పదును ఎక్కువగా ఉండేది ఆ ప్రాంతంలోనే. కాబట్టి మోరి వాయించే పెద్దాయన్ని "మీ శబ్దం మీటరుకి అందలేదు" అని ఎవరూ చిన్నబుచ్చకూడదు. మీటరు శక్తిని కొలుస్తుంది, పాటను కొలవలేదు.

దూరం, దిక్కు

బయట ఖాళీ చోటులో, ఒకే చోట నుంచి వచ్చే మోతకు దూరం రెట్టింపయిన ప్రతిసారీ 6 డెసిబెళ్లు తగ్గుతాయి. తుడుముకు ఒక మీటరు దూరంలో 110 ఉందనుకుంటే 2 మీటర్ల దగ్గర 104, 4 దగ్గర 98, 8 దగ్గర 92, 16 దగ్గర 86. టీ దుకాణం దగ్గర 112 చూపించిన కుర్రాడు బహుశా వాయిద్యగాడి మోచేతి పక్కనే నిలబడి ఉంటాడు. జనంలో నిలబడి 92 తీసిన కుర్రాడి మేళం అతని మేళం కన్నా గట్టిది కావచ్చు కూడా.

అందుకని దూరాన్ని ముందే ఖాయం చేసుకోవాలి. 10 మీటర్లు అనుకూలంగా ఉంటుంది. ఒక తాడు తీసుకుని 10 మీటర్ల దగ్గర ముడి వేసి ఉంచుకోండి. వాయిద్యగాళ్లు నిలబడే వరసకు నడిమధ్య నుంచి తాడు చాచి, ముడి వచ్చిన చోట చిన్న రాయి పెట్టండి. ఆ రాయి దగ్గరే నిలబడి ప్రతి మేళాన్నీ కొలవండి. థింసాలో ఆడేవాళ్ల గొలుసు తిరుగుతూ మీకూ మేళానికీ మధ్యకు వస్తుంది. అప్పుడు అంకె కాస్త తగ్గుతుంది. కంగారుపడి రాయి దగ్గర నుంచి కదలకండి. గొలుసు అన్ని మేళాలకూ అడ్డం వస్తుంది కాబట్టి ఎవరికీ అన్యాయం జరగదు.

కొమ్ము విషయం వేరు. కొమ్మైనా, పెళ్లి బ్యాండులోని బాకా అయినా, అమెరికా డ్రమ్ కోర్ బాకా అయినా పని చేసే తీరు ఒకటే. పెదవులు అదురుతాయి, ఆ అదురు గొట్టంలో పెరిగి, వెడల్పాటి నోటి నుంచి బయటికి వస్తుంది. లోతైన స్వరం ఆ నోటి నుంచి అన్ని వైపులకూ పరుచుకుంటుంది. పదునైన పై స్వరాలు మాత్రం నోరు ఎటు చూస్తే అటే సూటిగా పోతాయి. ఇది మీరే చూసుకోవచ్చు. కొమ్ము ఊదే ఆయన్ని ఒకే బలంతో ఊదమని అడిగి, ఐదు మీటర్ల దూరంలో సరిగ్గా కొమ్ము నోటికి ఎదురుగా ఒకసారి, పక్కన ఒకసారి, వెనక ఒకసారి నిలబడండి. అంకె మారుతుంది. అంకె కన్నా ముందే ధ్వని రూపు మారడం చెవికి తెలుస్తుంది. ఎదురుగా ఉన్నప్పుడు గీసినట్టుండే ఆ పదును వెనక్కి వెళ్లేసరికి పోయి, మెత్తని ఊళ మిగులుతుంది. డ్రమ్ కోర్ వాళ్లు బాకాలన్నిటినీ ఒక్కసారిగా పైకెత్తి స్టేడియం పై వరసల వైపు తిప్పేది ఇందుకే. న్యాయనిర్ణేతలు కూర్చునేది అక్కడ.

మన మేళంలో కొమ్ము ఆకాశం వైపు లేస్తుంది, ఊదుతూ ఊదుతూ అటూ ఇటూ తిరుగుతుంది. అందువల్ల కొమ్మును ఒక్క ఊదుతో కొలిస్తే ఏ అంకె అయినా రావచ్చు. పాట మొత్తం మీద కొలవాలి.

పాట మొత్తం మీద కొలవడానికి దాదాపు ప్రతి మీటరులోనూ, ఫోన్ యాప్‌లోనూ ఒక సదుపాయం ఉంటుంది. దాని పేరు ఎల్ఈక్యూ. వాన గంటసేపు సన్నగా పడినా, పది నిమిషాలు కుండపోతగా పడినా చివరికి గేజీలో ఎన్ని మిల్లీమీటర్లు నిలిచాయో చూసినట్టు, ఇది మొత్తం మోతను సర్ది ఒక అంకెగా ఇస్తుంది. థింసా నెమ్మదిగా మొదలై పోనుపోను వేగం అందుకుంటుంది. మొదట్లో కొలిచి వెళ్లిపోయినా తప్పే, చివర్లో వచ్చి కొలిచినా తప్పే. మొదటి దెబ్బకు నొక్కి, చివరి దెబ్బకు ఆపండి. మాక్స్ అని కనిపించే అంకె ఆ మధ్యలో ఒక్క క్షణం తాకిన శిఖరం. జనం ఒకరికొకరు చూపించుకునేది సాధారణంగా అదే. దాన్నీ రాసుకోండి, కాని ఎల్ఈక్యూ పక్కన రాయండి, దానికి బదులుగా కాదు. మీటరులో ఫాస్ట్, స్లో అని రెండు మీటలుంటాయి. ఫాస్ట్ సెకనులో ఎనిమిదో వంతును చూస్తుంది, స్లో ఒక సెకనును చూస్తుంది. డప్పు దెబ్బ అంతకన్నా తొందరగా పుట్టి చస్తుంది. కాబట్టి స్లోలో పెట్టి తీసిన మాక్స్, ఫాస్ట్‌లో పెట్టి తీసిన మాక్స్ ఎప్పుడూ ఒకటి కావు. ఏది పెట్టారో రాసుకోవాలి.

ఏ స్కేలు, సి స్కేలు అనే తేడాకు ఈ కొండల్లో ప్రత్యేకమైన విలువ ఉంది. ఏ స్కేలు మన చెవి తీరును అనుసరించి లోతు శబ్దాలను తగ్గించి చూపుతుంది. 125 హెర్ట్జ్ దగ్గర సుమారు 16 డెసిబెళ్లు, 63 దగ్గర సుమారు 26 డెసిబెళ్లు తగ్గిస్తుంది. సి స్కేలు అంత తగ్గించదు. ఈ రోజుల్లో ఊరేగింపులకు డీజే పెట్టెలు వస్తున్నాయి. గుండెల్లో కొట్టినట్టు అనిపించే ఆ బేస్ అంతా 100 హెర్ట్జ్ కింద ఉంటుంది. ఏ స్కేలులో చూస్తే డప్పుల మేళం, డీజే పెట్టె ఒకే అంకె చూపవచ్చు. సి స్కేలుకు మార్చి చూడండి. డప్పుల మేళానికి అంకె కొద్దిగా పెరిగితే, పెట్టెకు చాలా పెరుగుతుంది. "మన మేళమూ అంతే మోత కదా, డీజే ఒక్కదాన్నే ఎందుకంటారు?" అని ఎవరైనా అడిగితే రెండు స్కేళ్ల అంకెలు పక్కపక్కన పెట్టి చూపించండి. పంచాయతీలో ఆవేశపడి మాట్లాడే పది మాటల కన్నా అది బాగా పని చేస్తుంది.

చేతిలో ఫోను, చుట్టూ కొండలు

ఫోన్‌లో మైకు మాట కోసం పెట్టింది, మేళం కోసం కాదు. చాలా ఫోన్లు మోత పెరిగేకొద్దీ తమంతట తామే తగ్గించుకుంటాయి. కొన్నిటి అంకె 100 దగ్గరికి రాగానే ఆగిపోతుంది, మేళం ఎంత ఊపందుకున్నా కదలదు. మీ ఫోన్ అలాంటిదేమో తెలుసుకోవడానికి ఇందాకటి దూరం లెక్కే చాలు. ఒక్క తుడుమునే ఒకే బలంతో కొట్టించి 8 మీటర్ల దగ్గర కొలవండి, తర్వాత 4, తర్వాత 2. ప్రతిసారీ 6 దరిదాపుల్లో పెరగాలి. 4 నుంచి 2కు వచ్చినప్పుడు ఒకటో రెండో మాత్రమే పెరిగితే మీ ఫోన్ అక్కడికి చేతులెత్తేసింది. ఆ పై అంకెలను నమ్మకండి.

ఐఫోన్ ఉన్నవాళ్లకు అమెరికా ప్రభుత్వ వృత్తి ఆరోగ్య సంస్థ నియోష్ చేసిన ఉచిత యాప్ ఉంది. పరీక్షల్లో అది 2 డెసిబెళ్లు అటూ ఇటూగా సరిగ్గా నిలబడింది. ఆండ్రాయిడ్‌లో ఫోన్‌కో మైకు కాబట్టి అంతటి నమ్మకం పెట్టుకోలేం. అయినా పోలికకు ఆండ్రాయిడ్ చక్కగా సరిపోతుంది. ఒకే ఫోను, ఒకే యాపు, ఒకే రాయి. రెండు మేళాల మధ్య తేడా నిజానికి దగ్గరగా వస్తుంది. అసలు అంకె ఖచ్చితంగా కావాలంటే క్లాస్ 2 మీటరు, దానితో పాటు కాలిబ్రేటరు కావాలి. మైకు మీద తొడిగితే 94 డెసిబెళ్ల స్థిరమైన శబ్దం చేసే చిన్న డబ్బా అది. ఇంజినీరింగ్ కాలేజీల్లో ఇవి ఉంటాయి. వాళ్లు మీటరు ఇస్తే మీ ఫోన్‌ను దాని పక్కన పెట్టి ఒక పాట కొలవండి. తేడా ఎంతో రాసుకుంటే ఆ తర్వాత మీ ఫోన్ అంకెలను అంత మేరకు సరిచేసుకోవచ్చు.

కొలిచేటప్పుడు ఫోన్ కవరు తీసేయండి, మైకు మీద వేలు పడకుండా చూసుకోండి, ఒంటికి దూరంగా చెయ్యి చాచి ఛాతీ ఎత్తులో పట్టుకోండి. గోడకూ జీపుకూ ఆనుకుని నిలబడితే తిరిగి వచ్చే శబ్దం కలిసి అంకె పెరుగుతుంది. కొండగాలి మైకులోకి కొట్టినప్పుడు వచ్చే గర్జన మేళం మోత కాదు. గాలి విసిరినప్పుడు తీసిన కొలత పక్కన పెట్టి మళ్లీ తీయండి.

మేళం మొదలు కాకముందే అదే రాయి దగ్గర ఒకసారి కొలవడం మరిచిపోకండి. జనరేటరు, గెడ్డ హోరు, జనం కేకలు, అన్నీ కలిపి అక్కడి మామూలు మోత. మేళం అంకె దానికన్నా 10 ఎక్కువుంటే మామూలు మోతను లెక్కలోకి తీసుకోనక్కర్లేదు. తేడా 3 మాత్రమే ఉంటే మీరు కొలిచినదాంట్లో సగం శక్తి జనరేటరుది.

కొండలు మోతను పెంచుతాయని మనవాళ్ల గట్టి నమ్మకం. లెక్క వేసి చూద్దాం. డప్పు దెబ్బ కొండకు తగిలి సరిగ్గా ఒక సెకనుకు తిరిగి వినబడితే ఆ కొండ సుమారు 170 మీటర్ల దూరంలో ఉన్నట్టు. వెళ్లి రావడానికి ఆ శబ్దం 340 మీటర్లు తిరిగింది. మీరు 10 మీటర్ల దూరంలో వింటున్న అసలు దెబ్బతో పోలిస్తే అది 30 డెసిబెళ్లు తక్కువ. మీటరు దాన్ని పట్టించుకోదు. కాని ఆ ప్రతిధ్వని వల్ల మనకు మేళం లోయంతా నిండినట్టు అనిపిస్తుంది. ఆ అనుభవం ఉత్త భ్రమ కాదు, అది అంకెలో దొరకదంతే.

రాత్రి సంగతి మాత్రం మీటరుకూ తెలుస్తుంది. చలికాలం రాత్రుళ్లు లోయ అడుగున చల్లగాలి పేరుకుంటుంది, పైన గాలి దానికన్నా వెచ్చగా ఉంటుంది. పైకి పోవలసిన శబ్దం ఆ పొరల్లో వంగి మళ్లీ నేల వైపు దిగుతుంది. పగలు వినబడని మేళం రాత్రి అవతలి ఊరికి వినబడేది ఇందువల్లే. "పక్క పంచాయతీ దాకా వినబడింది" అన్న పెద్దమనిషి అబద్ధమాడలేదు. అయితే ఆ ఘనతలో సగం మార్గశిరం చలిది.

ఆ చలీ మంచూ డప్పు మీద కూడా పని చేస్తాయి. తేమ పట్టిన తోలు వదులై మోత పడిపోతుంది. అందుకే మంట వేసి డప్పులు కాచుకుంటారు. కాచిన వెంటనే ఒక కొలత, అరగంట వాయించాక ఇంకో కొలత తీసి చూడండి. ఒక మేళాన్ని కాచిన వెంటనే, రెండోదాన్ని మంచులో గంటసేపు కాచుకునే వీలు లేకుండా నిలబెట్టి కొలిస్తే అది పోలిక కాదు. పోటీలు పెట్టేవాళ్లు స్టేజీ పక్కన ప్రతి మేళానికీ మంట ఏర్పాటు చేయాలి. ఏ పోటీలోనైనా నేను మొదట చూసేది అదే.

చట్టం గురించి క్లుప్తంగా. 2000 నాటి శబ్ద కాలుష్య నియమాల ప్రకారం నివాస ప్రాంతంలో పగలు 55, రాత్రి 45 డెసిబెళ్లు పరిమితి. రాత్రి అంటే 10 నుంచి ఉదయం 6 దాకా. లౌడ్‌స్పీకర్లు పెట్టిన బహిరంగ స్థలం సరిహద్దు దగ్గర ఆ పరిమితికి 10 మించకూడదు, ఏ పరిస్థితిలోనూ 75 దాటకూడదు. 2010 సవరణతో రాత్రిపూట ఆంక్ష వాయిద్యాలకూ వర్తిస్తుంది. పండగలకు ఏడాదిలో 15 రోజులకు మించకుండా అర్ధరాత్రి దాకా సడలింపు ఇచ్చే అధికారం రాష్ట్ర ప్రభుత్వానికి ఉంది. ఆసుపత్రులు, బడుల చుట్టూ 100 మీటర్ల దాకా నిశ్శబ్ద ప్రాంతంగా ప్రకటించే వీలుంది. ఆశ్రమ పాఠశాలలో పిల్లలు పరీక్షలకు చదువుతున్న రోజుల్లో ఊరేగింపు దారి మార్చడానికి ఎవరి నోటీసూ అక్కర్లేదు. ఇక్కడ కొలవవలసింది రాయి దగ్గర కాదు, హాస్టల్ కిటికీ దగ్గర.

అందరికన్నా దగ్గరగా నిలబడినవాడు

ఇప్పటిదాకా 10 మీటర్ల దూరంలో నిలబడ్డాం. డప్పు కొట్టే మనిషి చెవికీ ఆ తోలుకీ మధ్య రెండు మూరలు కూడా ఉండవు. రాయి దగ్గర ఒక డప్పు 85 చూపితే, లెక్క ప్రకారం 5 మీటర్ల దగ్గర 91, రెండున్నర దగ్గర 97, మీటరుంపావు దగ్గర 103. అతని చెవి అంతకన్నా దగ్గరుంది. పక్కన తుడుము, వెనక కొమ్ము ఉండనే ఉన్నాయి.

నియోష్ లెక్కలో 85 డెసిబెళ్ల మోతలో రోజుకు 8 గంటలు ఉండవచ్చు. ఆపైన ప్రతి 3కు సమయం సగమవుతుంది. 88కి 4 గంటలు, 91కి 2, 94కి ఒకటి, 97కి అరగంట, 100కి 15 నిమిషాలు. 103కి ఏడున్నర నిమిషాలు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2022లో సంగీత కార్యక్రమాల కోసం ఇచ్చిన ప్రమాణం కూడా ఏ 15 నిమిషాల సగటు చూసినా 100 దాటకూడదంటుంది. అది కూడా ప్రేక్షకులకు. జాతరలో మూడు రోజులు వాయించేవాడిని ఏ లెక్కలో వేస్తాం?

ఈ దెబ్బ ఒక్కసారిగా తెలియదు. వాయించిన రాత్రి చెవుల్లో ఈల వినబడుతుంది, తెల్లారేసరికి పోతుంది. పోయింది కదా అని వదిలేస్తారు. ఏళ్లు గడిచాక మొదట పోయేది 4000 హెర్ట్జ్ చుట్టుపక్కల వినికిడి. అంటే డప్పు బాగానే వినబడుతుంది, మనవరాలి మాట సగం అర్థం కాదు. లోపలి చెవిలో చచ్చిన సన్నని కణాలు తిరిగి మొలవవు, మందు లేదు. "ముసలాడికి చెవుడు" అని ఇంట్లో తేలిగ్గా అనేస్తారు. ఆయనకది వయసుతో ఊరికే వచ్చింది కాదు, మన పండగలన్నిటికీ మనం వాయించమన్నందుకు వచ్చింది. ఆయన చెవికి బాధ్యత ఊరందరిదీ.

చేయగలిగింది తక్కువేమీ కాదు. మందుల దుకాణంలో దొరికే నురగ ప్లగ్గులు చవక. వేళ్ల మధ్య సన్నగా చుట్టి, రెండో చేతిని తల మీదుగా తెచ్చి చెవిని పైకీ వెనక్కీ లాగి, లోపలికి దోపి, అది ఉబ్బేదాకా అరనిమిషం వేలితో పట్టుకోవాలి. పైపైన పెట్టి వదిలేస్తే పని చేయదు. దూది ఉండలు చాలవు. ప్లగ్గు పెడితే మోరి సరిగ్గా వినబడడం లేదని మేళంవాళ్లు అంటే అది న్యాయమైన మాటే. నురగ పదునైన స్వరాలను ఎక్కువగా తినేస్తుంది. సంగీతకారుల కోసం చేసే ప్లగ్గులు వేరే ఉన్నాయి, అవి అన్ని స్వరాలనూ దాదాపు సమానంగా తగ్గిస్తాయి. ధర కాస్త ఎక్కువే కాని కడిగి ఏళ్ల తరబడి వాడుకోవచ్చు. ఉత్సవ నిర్వాహకులు శాలువాలకు పెట్టే డబ్బులో కొంత వీటికి పెట్టాలి. కొమ్ము నోరు ఎవరి చెవి పక్కకు రాకుండా నిలబెట్టడం, పాటకూ పాటకూ మధ్య విరామం ఇవ్వడం, స్పీకరు పెట్టెల ముందు మేళాన్ని నిలబెట్టకపోవడం, వీటికి డబ్బు కూడా అక్కర్లేదు. చెవిలో ఈల రెండు రోజులు దాటి నిలిస్తే వినికిడి పరీక్ష చేయించాలి.

కొలవడానికి వెళ్లినప్పుడు ముందు మేళం పెద్దను అడగండి. "తాతా, మీ మేళం మోత ఎంతుందో ఈ ఫోన్‌లో చూసుకుంటాను. మీ చెవి దగ్గర కూడా ఒకసారి పెడతాను, ఏమనుకోకండి" అంటే చాలు. అమ్మవారి ముందు కొలుపు జరుగుతున్నప్పుడు ఫోన్ తీయకండి. పాట అయ్యాక అంకె ముందు ఆయనకే చూపించండి. ఎక్కువొస్తే గొప్ప అని ఆయన మురిసిపోవచ్చు. అప్పుడే పక్కన కూర్చుని, ఆ అంకె దగ్గర ఎన్ని నిమిషాలు ఉండవచ్చో చెప్పి, ప్లగ్గు ఎలా పెట్టుకోవాలో మీ చెవిలో పెట్టుకుని చూపించండి.

నోటు పుస్తకంలో ఒక్కో కొలతకు ఒక్క వరస చాలు. తేదీ, వేళ, చోటు, మేళంలో ఎంతమంది, ఏమేమి వాయించారు, దూరం, కొమ్ము నోటికి ఎదురుగానా పక్కనా, ఏ స్కేలు, ఫాస్టా స్లోనా, ఎన్ని నిమిషాలు, ఎల్ఈక్యూ, మాక్స్, మేళానికి ముందు మామూలు మోత, డప్పులు కాచి ఎంతసేపయింది, మంచుందా గాలుందా, ఏ ఫోను. చివరి గడిలో వాయిద్యగాడి చెవి దగ్గర వచ్చిన అంకె రాయండి, దాన్ని మాత్రం ఎర్ర సిరాతో.